పక్కింటావిడకీ పెద్ద బంగళాకీ ఒకటే టీవీ ఫీజా?

ఒక శనివారం పొద్దున పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది. ఎనభై నాలుగేళ్ల మనిషి, ఒంటరిగా ఉంటుంది. చేతిలో ఒక కవరు. "అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయి, కాస్త చదివిపెడతావా?" అంది. టీవీ లైసెన్సు రెన్యూవల్ కాగితం అది. 174.50 పౌండ్లు అని చదివి చెప్పాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పెన్సిల్ అడిగి తీసుకుని, ఆ కవరు వెనకాలే పన్నెండుతో భాగించింది. 14.54. దాని కింద గ్యాసు, దాని కింద కరెంటు, దాని కింద ఫోను. కూడింది, కొట్టేసింది, మళ్లీ కూడింది. చెయ్యి వణుకుతుంది కాబట్టి అంకెలన్నీ వంకర్లు పోయాయి. ఆ కవరు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఇండియాలో ఉన్నవాళ్ల కోసం ఒక ముక్క. బ్రిటన్‌లో ఇంట్లో ఏ చానెల్ అయినా లైవ్‌లో చూడాలంటే ఏటా ఈ ఫీజు కట్టాలి. ఆ డబ్బుతోనే ప్రధానంగా బీబీసీ నడుస్తుంది. 2025-26లో రేటు 174.50 పౌండ్లు. టీవీ లేదు, ఫోన్‌లో చూస్తాను అంటే కుదరదు, లైవ్ అయితే కట్టాల్సిందే. 2016 సెప్టెంబరు నుంచి బీబీసీ ఐప్లేయర్ యాప్‌లో అయిపోయిన ప్రోగ్రాం చూడాలన్నా లైసెన్సు ఉండాలి. మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. యూట్యూబ్‌లో మన తెలుగు న్యూస్ చానెల్ లైవ్ పెట్టుకున్నా లైసెన్సు కావాలి. మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఇది చెబితే నమ్మలేదు. "మన వార్తలు మనం చూసుకోవడానికి వీళ్లకెందుకురా కట్టడం?" అన్నారు. తర్వాత ఆయనకు తాతయ్య రేడియో లైసెన్సు పుస్తకం గుర్తొచ్చింది. పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు కట్టి, అందులో స్టాంపు వేయించుకుని జాగ్రత్తగా ఇంటికి తెచ్చేవారట. మన దగ్గర అవన్నీ ఎనభైల్లోనే పోయాయి. ఇక్కడ మాత్రం 1922లో రేడియోకి పది షిల్లింగులతో మొదలై, 1946లో టీవీకి కూడా కలిపి రెండు పౌండ్లై, ఇప్పటికీ నడుస్తోంది.

నేను బీబీసీకి వ్యతిరేకిని కాను. 2021 జనవరిలో లాక్‌డౌన్‌లో స్కూళ్లు మూసేస్తే పిల్లల పాఠాలు టీవీలో వేశారు. మా వాడు పొద్దున్నే బడికి వెళ్లినట్టు ఆ టీవీ ముందు కూర్చునేవాడు. మాకున్న ఒక్క లాప్‌టాప్ నా ఆఫీసు పనికి పోయేది, ఆ టీవీ పాఠాలే లేకపోతే వాడి చదువు ఏమయ్యేదో. మధ్యలో యాడ్స్ లేకుండా పిల్లల ప్రోగ్రాంలు వస్తాయి. రేడియోకి లైసెన్సే అక్కర్లేదు. ఇదంతా నడవాలంటే డబ్బు కావాలి, ఆ డబ్బు జనమే ఇవ్వాలి. అక్కడిదాకా నాకు ఏ పేచీ లేదు.

నా బాధల్లా ఆ డబ్బు ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నారన్న దాని గురించే.

కౌన్సిల్ టాక్స్ (ఇక్కడి మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్‌కు కట్టే ఇంటి పన్ను) చూడండి. అది కూడా ఇంటింటికీ పడేదే. కానీ ఇల్లు ఖరీదును బట్టి బ్యాండ్లు ఉంటాయి. ఇంట్లో పద్దెనిమిది దాటినవాళ్లు ఒక్కరే ఉంటే పాతిక శాతం తగ్గుతుంది. ఇల్లంతా స్టూడెంట్లే అయితే అసలు కట్టక్కర్లేదు. టీవీ లైసెన్సుకు ఇవేవీ వర్తించవు. ఆరుగురు ఉన్న ఇంటికీ, ఒక్క ముసలావిడ ఉన్న ఇంటికీ అదే ఫీజు. ఇల్లు షేర్ చేసుకుంటూ ఒక్కో గదికీ విడిగా అగ్రిమెంటు రాసుకున్న మన స్టూడెంట్లయితే, ఒకే కప్పు కింద ఉంటున్నా, గదిలో లైవ్ చూసే ప్రతివాడూ విడిగా లైసెన్సు తీసుకోవాలి.

2025-26లో కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. కేర్ హోమ్‌లో ఆ రేటుకు పనిచేసే అమ్మాయి ఈ ఫీజు కోసం పద్నాలుగు గంటలకు పైగా కష్టపడాలి. దాదాపు రెండు షిఫ్టులు. గంటకు వంద పౌండ్లు సంపాదించేవాడికి అది రెండు గంటల పని కూడా కాదు. ఇంకా బాధేంటంటే, డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకే మొదట్లో ఎక్కువ నొప్పి. కొత్తగా లైసెన్సు తీసుకుని నెలవారీ డైరెక్ట్ డెబిట్ పెట్టుకుంటే, మొదటి ఏడాది ఫీజంతా ఆరు నెలల్లోనే లాగేస్తారు, అంటే 2025-26 రేటుతో నెలకు 29 పౌండ్లు. మూడు నెలలకోసారి కడతానంటే ఏడాదికి ఐదు పౌండ్లు అదనం. ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు వేరే ప్లాన్ ఒకటి ఉంది, కానీ అందులోనూ తగ్గేదేమీ లేదు, చిన్న చిన్న వాయిదాలు అంతే.

తగ్గింపు ఎవరికుందో తెలుసా? చూపు లేనివాళ్లకు సగం, అది న్యాయమే. ఇంకా బ్లాక్ అండ్ వైట్ టీవీకి 2025-26లో 58.50 పౌండ్లు. పాత టీవీ పెట్టెకు ఇచ్చిన తగ్గింపు పేద మనిషికి ఎందుకివ్వరు?

పక్కింటావిడకు ఒకప్పుడు ఇది ఉచితంగానే ఉండేది. 2000 సంవత్సరం నుంచి డెబ్బై ఐదు దాటిన వాళ్లందరి ఫీజూ ప్రభుత్వమే కట్టేది. 2015లో కుదిరిన ఒప్పందంలో ప్రభుత్వం ఆ బరువును బీబీసీ నెత్తిన పెట్టింది. అంత భారం మోయలేమని వాళ్లు 2020 ఆగస్టు నుంచి పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం) వచ్చేవాళ్లకు మాత్రమే ఉచితం అన్నారు. అది రావాలంటే వారం ఆదాయం ఒక గీత దాటకూడదు. చనిపోయిన భర్త ఉద్యోగం మీద వచ్చే చిన్న పెన్షన్ వల్ల ఈవిడ దానికి ఐదారు పౌండ్లు పైన తేలింది. ఆ ఐదారు పౌండ్ల వల్ల ఏడాది ఫీజంతా కట్టాలి.

"అంత కష్టమైతే టీవీ మానేయొచ్చు కదా" అనేవాళ్లున్నారు. నెట్‌ఫ్లిక్స్ చూసుకుంటూ లైవ్ జోలికి పోని కుర్రాళ్లు చట్టబద్ధంగానే లైసెన్సు మానేస్తున్నారు, వాళ్ల తప్పేం లేదు. కానీ ఆవిడకు ఆ దారి లేదు. ఇంట్లో ఇంటర్నెట్ లేదు. రిమోట్‌లో ఆవిడకు తెలిసినవి మూడు బటన్లు. సాయంత్రం ఆరింటికి వార్తలు పెడితే ఆ ఇంట్లో మనిషి గొంతు వినిపించేది అప్పుడే. గోడ ఇవతల నుంచి నాకు తెలుస్తుంది. మానేయగలిగినవాళ్లు మానేస్తుంటే, మానలేని వాళ్ల మీదే భారం మిగులుతోంది.

కట్టకపోతే క్రిమినల్ కేసు అవడం నాకు అస్సలు మింగుడుపడని విషయం. గ్యాసు బిల్లు ఎగ్గొడితే అది అప్పు, నేరం కాదు. ఇది మాత్రం మెజిస్ట్రేట్ కోర్టు వ్యవహారం. ఇంగ్లండ్, వేల్స్‌లో చాలా కేసుల్ని ఒకే ఒక్క మెజిస్ట్రేట్ కాగితాలు చూసి, మనిషి ముఖం కూడా చూడకుండా తేల్చేస్తారు. శిక్ష పడ్డవాళ్లలో నూటికి డెబ్బైకి పైగా ఆడవాళ్లే. ఆడవాళ్లు ఎక్కువ టీవీ చూస్తారని కాదు. పగలు ఇంట్లో ఉండేది, తలుపు తీసేది వాళ్లు. పిల్లల్ని ఒంటరిగా పెంచుకునే తల్లులు వాళ్లలో ఎంతమందో. ఈ ఒక్కటి మార్చినా నేను సగం ఊరుకుంటాను.

వేరే దారి లేదనకండి. ఫిన్లాండ్ 2013లో, స్వీడన్ 2019లో లైసెన్సు తీసేసి, ఆదాయాన్ని బట్టి, ఒక పరిమితి దాటకుండా పన్నుగా తీసుకుంటున్నాయి. జర్మనీలో ఇంటికింత అనే పద్ధతే ఉంది, అయినా ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. ఫ్రాన్స్ 2022లో పూర్తిగా ఎత్తేసి వ్యాట్‌లోంచి ఇవ్వడం మొదలుపెట్టింది, అది నాకంత నచ్చలేదు. వ్యాట్ కట్టేదీ పేదవాడే కదా. నన్నడిగితే ఫిన్లాండ్ పద్ధతే మేలు. బీబీసీ చార్టర్, అంటే అది ఎలా నడవాలో చెప్పే అధికారపత్రం, 2027 డిసెంబరుతో ముగుస్తుంది, కొత్తది రాసేది ఇప్పుడే. మీ ఏరియా ఎంపీకి ఒక ఈమెయిల్ పెట్టండి. ఇక్కడ ఓటున్న కామన్వెల్త్ పౌరులం మనం కూడా.

నిన్న ఆదివారం ఆవిడ దగ్గర కూర్చుని అటెండెన్స్ అలవెన్స్ (ఒంట్లో బాగోలేక మరొకరి సాయం కావలసిన పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే భత్యం) ఫారం సగం నింపాం. చెయ్యి వణకడం గురించి, బటన్లు పెట్టుకోలేకపోవడం గురించి చెప్పడానికి ఆవిడ చాలా మొహమాటపడింది. ఆ అలవెన్స్ వస్తే, ఒంటరిగా ఉండేవాళ్లకు పెన్షన్ క్రెడిట్ గీత పైకి జరుగుతుంది. అప్పుడు ఆవిడ దాని కిందకు వస్తుంది, లైసెన్సూ ఉచితమవుతుంది. మీ వీధిలో డెబ్బై ఐదు దాటినవాళ్లెవరైనా ఉంటే ఒకసారి అడిగి చూడండి. ఫారం చాలా పొడుగు, ఇద్దరు కూర్చుంటే తేలిక. మిగతా సగం మేం బుధవారం పూర్తి చేస్తాం.