సవరణ: అనంతపురం టెన్నిస్ స్కూలు, ఒక శాతం లెక్క

డబ్బున్న ఆటగాళ్ల దానాల గురించి పోయినవారం పెట్టిన పోస్టులో 'నాదల్ తన సంపాదనలో ఒక శాతం మన అనంతపురం టెన్నిస్ స్కూలుకు ఇస్తున్నాడు' అని ఉంది. ఆ వాక్యంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి.

ఒక శాతం మాట స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు హువాన్ మాటాది. 2017లో 'కామన్ గోల్' పేరుతో తన జీతంలో ఒక శాతం ఇస్తానని ముందుకొచ్చి, తోటి ఆటగాళ్లనూ పిలిచాడు. టెన్నిస్ ఆటగాడు నాదల్‌ది వేరే దారి. సొంత ఫౌండేషన్ పెట్టి, దాని తరఫున ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 2010లో ఇక్కడ స్కూలు తెరిచాడు. ఆ అక్టోబర్‌లో స్వయంగా వచ్చి పిల్లలను కలిశాడు కూడా. ఇంట్లో ఎవరూ ఎన్నడూ రాకెట్ పట్టని పిల్లలు అక్కడ ఆడుతున్నారు. ఆటతోపాటు ఇంగ్లిష్, కంప్యూటర్ క్లాసులూ ఉంటాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అందరూ ప్లేయర్లు కాలేరు కదా, ఆ చదువు మాత్రం పిల్లలందరికీ పనికొస్తుంది.

ఇంకొకటి. పోస్టు చదివి కొందరు ఆర్డీటీనే నాదల్ పెట్టాడనుకున్నారు. కాదు. 1969లో దాన్ని మొదలుపెట్టింది విన్సెంట్ ఫెర్రర్. ఆయన 2009లోనే పోయారు, ఈ టెన్నిస్ స్కూలు తెరవడం చూడలేదు. పల్లెల్లో ఇళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి, ఇవన్నీ దశాబ్దాల కష్టం. ఆ కష్టాన్ని ఇంకొకరి ఖాతాలో వేయకూడదు.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి దీన్నీ షేర్ చేయండి.