కట్టెల పొగే కదా అనేవారికి

ఆ సందేశం మళ్లీ వచ్చింది. ఈసారి పంపినవారు బాగా చదువుకున్నవారు, ఇంట్లో చిన్నపిల్లలున్నవారు. అందుకే ఎప్పటిలా చూసీ చూడనట్టు వదిలేయలేకపోయాను. "కార్చిచ్చు పొగకు భయపడకండి, తెలిసినవారందరికీ పంపండి" అని పైన పెద్ద అక్షరాలు, వాటి పక్కన చేతులు జోడించిన బొమ్మలు, కింద ఎనిమిది సూత్రాలు.

అదృష్టం కొద్దీ ఇంకా అందనివారి కోసం ఆ ఎనిమిదీ ఇక్కడ చెబుతాను. కట్టెల పొగ సహజమైనది, తాతముత్తాతలు పొయ్యి పొగలోనే నిండు నూరేళ్లు బతికారు, ఫ్యాక్టరీ పొగే ప్రమాదం. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే ఎన్‌95 మాస్కు కన్నా మేలు. వాసన రావడం లేదంటే గాలి శుభ్రపడినట్టే. పాలు తాగితే ఊపిరితిత్తులు కడిగినట్టవుతాయి. ఇంట్లో నాలుగు మొక్కలు పెడితే పొగను అవే పీల్చుకుంటాయి. గాలిని శుభ్రం చేసే యంత్రాలు కంపెనీల మోసం. రాలిన బూడిద మంచి ఎరువు, ఊడ్చి మొక్కలకు వేయండి. మంటలు కంటికి కనిపించేదాకా ఇల్లు కదలకండి.

పాలతో మొదలుపెడతాను, తొందరగా తేలిపోతుంది. తాగింది కడుపులోకి పోతుంది, పీల్చింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు నిజంగానే ఊపిరితిత్తుల్లోకి పోతే కడగడం మాట దేవుడెరుగు, ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది.

మొక్కల మహిమకు మూలం 1989లో నాసా వెలువరించిన ఒక అధ్యయనం. గాలి చొరబడని చిన్న గదుల్లో మొక్కలు పెట్టి కొన్ని రసాయన వాయువులు ఎంత తగ్గుతాయో చూశారు. పొగలోని కణాలతో దానికి సంబంధమే లేదు. పోనీ ఆ వాయువుల సంగతైనా చూద్దామంటే, ఇలాంటి పాత ప్రయోగాలన్నిటినీ 2019లో తిరగేసి లెక్కగట్టినవారు ఏమన్నారంటే, భవనంలోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసేపాటి పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలట. అన్ని కుండీలు పెట్టాక గదిలో మనకు చోటే ఉండదు కాబట్టి పొగ సమస్య నిజంగానే తీరిపోతుంది.

యంత్రాల విషయంలో మాత్రం ఈ సందేశం రాసిన మహానుభావుడితో సగం ఏకీభవిస్తున్నాను. ఈ మాట రాయాల్సి వస్తుందని నేనూ అనుకోలేదు. యంత్రాలన్నీ మోసమనడం తప్పే; హెపా ఫిల్టరు (అతి సన్నని కణాలను కూడా ఆపే వడపోత) ఉన్న యంత్రం గది కొలతకు సరిపోయేదైతే పొగ కణాలను శుభ్రంగా పట్టేస్తుంది. కానీ ఖరీదైనదే కొనాలన్న నియమమేమీ లేదు. 2020లో అమెరికాలో రిచర్డ్ కోర్సి అనే ఇంజినీరింగ్ ఆచార్యుడు, ఫిల్టర్ల వ్యాపారంలో ఉన్న జిమ్ రోసెంథాల్ కలిసి ఒక ఉపాయం ప్రచారంలోకి తెచ్చారు. చతురస్రంగా ఉండే పెట్టె ఫ్యాను ఒకటి, నాలుగు పక్కలా గోడల్లా నిలబెట్టడానికి మెర్వ్ 13 రకం (మెర్వ్ అంటే వడపోత ఎంత సన్నగా పట్టగలదో చెప్పే కొలత) ఫిల్టర్లు, అడుగున అట్టముక్క, సందులు మూయడానికి టేపు. అంతే. చూడటానికి స్కూలు పిల్లలు సైన్సు ప్రదర్శనకు కట్టిన బొమ్మలా ఉంటుంది, పని మాత్రం అసలు యంత్రానికి దీటుగా చేస్తుంది. ఇక ఓజోన్ వదిలి గాలిని శుద్ధి చేస్తామనే యంత్రాలున్నాయి చూడండి, అవి మోసం కన్నా హీనం. ఓజోన్ ఊపిరితిత్తులను మండించే వాయువు. అసలే పొగ పీల్చి ఉన్నవారికి దాన్ని కానుకగా ఇవ్వడం దేనికి?

తడిగుడ్డ దగ్గరికి వద్దాం. కార్చిచ్చు పొగలోని కణాల్లో ఎక్కువ భాగం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. గుడ్డలోని నేత సందులు ఆ కణాలకు సింహద్వారాలు. తడిపినంత మాత్రాన అవి మూసుకుపోవు. పైగా తడిసిన గుడ్డలోంచి ఊపిరి కష్టంగా ఆడుతుంది కాబట్టి గాలి అంచుల పక్కనుంచి దూరుతుంది. ఎన్‌95 పనిచేసేది నేత సన్నదనం వల్ల మాత్రమే కాదు. దాని పోగులకు స్థిర విద్యుత్తు ఉంటుంది, అది సన్నని కణాలను లాగి పట్టుకుంటుంది. సబ్బునీళ్లలో ఉతికితే ఆ గుణం పోతుంది. సందేశంలో ఒకచోట "మాస్కు కొనేసి ఉంటే ఉతికి వాడుకోండి" అని కూడా ఉంది. బాగుంది, పనిచేసేదాన్ని కూడా తడిగుడ్డగా మార్చేదాకా నిద్రపోరన్నమాట.

ఒప్పుకోవలసింది ఇక్కడా ఒకటుంది. ఎన్‌95 కణాలను ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్ లాంటి వాయువులను ఆపలేదు. గుబురు గడ్డం ఉన్నవారికి, చిన్నపిల్లలకు ముఖానికి అతుక్కుని కూర్చోదు, పక్కలనుంచి గాలి లీకవుతుంది. కాబట్టి మాస్కు పెట్టుకుని పొగలో వాకింగ్‌కు వెళ్లమని ఎవరూ చెప్పడం లేదు. తప్పనిసరై బయటికి వెళ్లాల్సినవారికి అది ఆసరా. పొగ దట్టంగా ఉన్న రోజున దాన్ని పెట్టుకుని బయట పనిచేసి వచ్చి, తీసి చూసుకోండి. తెల్లటి పైభాగం పల్చటి టీ ఒలికినట్టు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. అది ఎవరి లోపలికి పోవలసిందో వేరే చెప్పాలా?

ఇప్పుడు మొదటి సూత్రం. నన్ను ఇంతదూరం రాయించింది ఇదే. "తాతముత్తాతలు పొయ్యి పొగలోనే బతికారు." ఎవరు బతికారండీ? తాతలు కాదు, పొయ్యి ముందు కూర్చున్నది నాయనమ్మలు, అమ్మమ్మలు. గొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రబడ్డవారు, తెల్లవారుజామున మంచం మీద లేచి కూర్చుని దగ్గినవారు. ఆ దగ్గును వయసు ఖాతాలో రాసేశాం. పోయాక "ఆయాసంతో పోయింది" అన్నాం, పొయ్యి పేరెత్తలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎత్తింది: వంటింటి పొగ వల్ల 2020 ఒక్క ఏడాదిలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని అంచనా వేసింది. అందులో అయిదేళ్లు నిండని పిల్లలే 2,37,000 మందికి పైగా ఉన్నారు. బతికి బట్టకట్టినవారు మాత్రమే కథలు చెప్పగలరు కాబట్టి "మాకేం కాలేదు" అనే కథే మనదాకా వస్తుంది. పొగ మంచిదని రుజువు చేయడానికి దొరికిన సాక్ష్యం ఇదా? ప్రతివాది తరఫున చాలా గట్టి సాక్షిని ప్రవేశపెట్టారు, ధన్యవాదాలు.

ఇక సహజం అనే మాట. సీసం సహజం కాదా? భూమిలోంచి తవ్వి తీసిందే కదా. పచ్చి చెట్టు కాలినా పొగలో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ ఉంటుంది, ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, కళ్లు మండించే అక్రోలిన్ ఉంటుంది. అయినా కార్చిచ్చు చెట్లతో ఆగుతోందా? ఊళ్లమీద పడినప్పుడు ఇంటి రంగులు, తీగల మీది ప్లాస్టిక్, సోఫాల నురుగు, కార్ల టైర్లు, బ్యాటరీలు అన్నీ ఆ సహజ పొగలో కలుస్తాయి. 2018 నవంబరులో కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ పట్టణం తగలబడినప్పుడు పక్కనున్న చికో గాలిలో సీసం మామూలు కన్నా దాదాపు 50 రెట్లు పెరిగిందని ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు తర్వాత తేల్చింది. ఆ పొగలోని లోహాలు 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాయి.

ఫ్యాక్టరీ పొగే ప్రమాదమంటారా? దక్షిణ కాలిఫోర్నియా ఆసుపత్రుల 1999-2012 నాటి లెక్కలు తీసి 2021లో ఒక అధ్యయనం వెలువరించారు. గాలిలో సూక్ష్మ కణాలు ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగినప్పుడు శ్వాస ఇబ్బందితో ఆసుపత్రిలో చేరేవారు ఎంత పెరిగారన్నది ప్రశ్న. వాహనాలు, ఫ్యాక్టరీల వంటి ఇతర మూలాల నుంచి వచ్చిన కణాలైతే 0.67 నుంచి 1.3 శాతం. కార్చిచ్చు కణాలైతే 1.3 నుంచి 10 శాతం దాకా. సందేశం సరిగ్గా తలకిందులుగా ఉంది. యాదృచ్ఛికంగా తప్పు రాస్తే సగమైనా ఒప్పు పడాలి. ఇలా పూర్తిగా తిరగరాయడానికి ప్రతిభ కావాలి.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఆస్ట్రేలియా చూడండి. 2019-20 వేసవి కార్చిచ్చుల్లో నేరుగా మంటల వల్ల పోయినవారు 33 మంది. పొగ వల్ల అదనంగా సుమారు 417 మంది చనిపోయి ఉంటారని అక్కడి పరిశోధకులు లెక్కగట్టారు. ఆ 417 మంది వార్తల్లోకి ఎక్కలేదు. గుండెపోటు అనో, ఉబ్బసం అనో, నిమోనియా అనో ధ్రువపత్రంలో రాసుకుని వెళ్లిపోయారు. పొగ అలాగే చంపుతుంది, తన పేరు బయటపడకుండా.

వాసన లేకపోతే గాలి శుభ్రమేనా? ముక్కు ఎంత వాసనకైనా కాసేపట్లో అలవాటుపడిపోతుంది. దూరం నుంచి వచ్చిన పొగలో ఘాటు దారిలోనే తగ్గిపోతుంది, కణాలు మిగులుతాయి. 2023 జూన్‌లో కెనడాలోని క్యుబెక్ అడవులు తగలబడితే న్యూయార్క్ ఆకాశం నారింజ రంగుకు తిరిగింది, వాయు నాణ్యత సూచిక 400 దాటింది (అక్కడి లెక్కలో 300 దాటితేనే ప్రమాదకరం). ఆ మంటలేమో వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఫోనులో ఆ సూచిక చూసుకోవడానికి పట్టే సమయం ఈ సందేశాన్ని ఇంకొకరికి పంపడానికి పట్టే సమయం కన్నా తక్కువే.

బూడిద సంగతి. కిటికీ గట్టు మీద వాలిన నల్లటి రేకును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఆకు ఆకారం చెక్కుచెదరదు, ఈనెలు కూడా లెక్కపెట్టవచ్చు. వేలు తగలగానే పొడి. ఆ పొడినే ఊడ్చమంటున్నారు. చీపురు ఒక్కసారి ఆడిస్తే కింద పడ్డదంతా లేచి మళ్లీ గాలిలో కలుస్తుంది. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, కొద్దిగా నీళ్లు చిలకరించి తడిబట్టతో తుడవాలి. తడిగుడ్డకు తగిన చోటు ఏదైనా ఉంటే అది నేల మీదే, ముక్కు మీద కాదు. మామూలు వాక్యూమ్ క్లీనరు సన్నని పొడిని వెనకనుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. కారు అద్దం మీద పడితే పొడి వైపర్లు ఆడించకండి, గీతలు పడతాయి. శుభ్రమైన కట్టెల బూడిదలో పొటాష్ ఉన్న మాట నిజమే, తోటలో వాడేవారున్నారు. కానీ రాలిన బూడిద ఏ చెట్టుదో, ఏ ఇంటి పైకప్పుదో మీకెలా తెలుసు? 2025 జనవరిలో ఈటన్ అనే పేరుతో పిలిచిన కార్చిచ్చు తర్వాత లాస్ ఏంజెలెస్ దగ్గర ఆల్టడీనాలో మట్టిని పరీక్షిస్తే సీసం మితిమీరి కనిపించింది. ఆకుకూరల మడిలో వేసుకునే సరుకు కాదది.

మిగిలింది ఎనిమిదోది, "మంటలు కనిపించేదాకా కదలకండి". దీన్ని రాసినవారు కార్చిచ్చును సముద్రపు అలలా వరుసగా నడిచివస్తుందని ఊహించుకున్నట్టున్నారు. చాలా ఇళ్లు కాలేది మంట తగిలి కాదు, గాలికి ముందే ఎగిరివచ్చిన నిప్పురవ్వలు చూరు సందుల్లో, ఎండుటాకులు పేరుకున్న పైకప్పు నీటి తూముల్లో పడి. ప్యారడైజ్‌లో ఏం జరిగిందో చూడండి. 2018 నవంబరు 8 ఉదయం ఆరున్నర ప్రాంతంలో పది కిలోమీటర్లకు పైగా దూరంలో నిప్పు పుట్టింది. ఎనిమిది గంటలకల్లా ఊళ్లో రవ్వలు రాలి ఇళ్లు అంటుకుంటున్నాయి. దారులు కార్లతో నిండిపోయాయి, పట్టపగలు చీకటి కమ్మింది. మొత్తం 85 మంది చనిపోయారు, 18,000కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. చనిపోయినవారిలో ఎక్కువమంది వయసు మళ్లినవారు. అంత దట్టమైన పొగలో మంట కంటికి కనిపించేసరికి అది వీధి చివరన ఉంటుంది.

ఖాళీ చేయమని అధికారులు చెప్పాక ఆలోచించేదేమీ లేదు. చెప్పకముందు కూడా ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, పసిపిల్లలున్నవారు మంటల కోసం కాకపోయినా పొగ కోసమే వెళ్లిపోవచ్చు. ఉండిపోవాల్సివస్తే ఒక గదినైనా తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, ఫిల్టరు నడిపించుకోండి. ఏసీకి బయటి గాలిని లాగే మూత ఉంటే మూసేయండి. నీళ్లతో నడిచే కూలరు ఆపేయండి, అది బయటి గాలినే లోపలికి తోస్తుంది. కారులో వెళ్తుంటే లోపలి గాలే తిరిగేలా మీట పెట్టుకోండి. అన్నీ మూసేశాక గది భరించలేనంత వేడెక్కితే మాత్రం పంతం పట్టి అక్కడే కూర్చోకండి, వడదెబ్బ కూడా చంపుతుంది. చల్లగా, గాలి శుభ్రంగా ఉన్న మరో చోటికి మారండి.