పుట్ట కట్టింది చెదలు, బిల్లు చీమలకు

శతక పద్యాల్లో పురుగులకు జరిగిన అన్యాయం మీద ఇంతవరకు ఎవరూ విచారణ కోరలేదు. వాటికి సంఘం లేదు, ఓటు లేదు. కాబట్టి ఆ భారం ఈ వ్యాసం నెత్తిన పడింది.

మొదటి ఫైలు సుమతీ శతకానిది. ‘చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు’ పామరుడు కూడబెట్టిన బంగారం రాజుల పాలవుతుందట. నిజానికి పాము దూరే ఆ పుట్టను కట్టేది చీమలు కావు, చెదలు. మట్టిరేణువును ఉమ్మితో తడిపి, ఒక్కొక్కటే అతికించి, గాలాడేందుకు దారులు వదిలి మనిషెత్తున లేపేవి అవే. లోపల బూజు తోటలు కూడా పెంచుతాయి. వానల్లో పుట్టల మీద మొలిచే పుట్టగొడుగుల్లో కొన్ని ఆ సేద్యం పంటే.

మరి పద్యంలో చెదలకు చోటెందుకు రాలేదు? సాంకేతిక అనర్హత. ఈ పద్యం కందం అనే ఛందస్సులోది. కందంలో నాలుగు పాదాలకూ రెండో అక్షరంలోని హల్లు ఒకటే ఉండాలి. చీమలు, పాములు, హేమం, భూమీశులు అందరూ మకార బంధువులే. చెదలకు అక్కడున్నది ‘ద’. మిగతా మూడు పాదాలూ గురువుతో (రెండు మాత్రల అక్షరం) మొదలైతే ఇదీ గురువుతోనే మొదలవ్వాలి, ‘చె’ లఘువు (ఒక్క మాత్రే). పోనీ గణమైనా (పాదాన్ని కొలిచే అక్షరాల గుంపు) కుదురుతుందా అంటే కందంలో ఒక్కో గణానికి 4 మాత్రలు కావాలి, చెదలు తెచ్చుకున్నవి 3. టెండరు మూడు చోట్లా కొట్టేశారు. తట్టెడు మట్టి మోయకుండానే చీమ ఎంపికైంది. కట్టినవాడికి ఆస్తి దక్కదని చెప్పే పద్యంలో కట్టినవాడి పేరు కూడా దక్కలేదు.

వేమన మాత్రం చెదలకు పుట్టలో నివాస ధ్రువపత్రం ఇచ్చాడు. తల్లిదండ్రుల మీద దయలేని కొడుకు పక్కన నిలబెట్టి ‘పుట్టవా గిట్టవా’ అనడానికి!

‘చెప్పులోని రాయి చెవిలోని జోరీగ’ సంగతీ ఇంతే. జోరీగ పశువుల్ని పట్టి పీడించే పెద్ద ఈగ. రాత్రిపూట మన చెవి దగ్గర సంగీతం పాడేది దోమ. అయితే ఈ పద్యం ఛందస్సు ఆటవెలది. దాని మొదటి పాదంలో పొట్టివైన మూడు సూర్యగణాల తర్వాత పొడుగువైన రెండు ఇంద్రగణాలు పడాలి. జోరీగ తగణం (రెండు గురువులు, ఒక లఘువు), చివరి ఇంద్రగణం కుర్చీలో చక్కగా ఇమిడింది. దోమ వట్టి హగణం (గురువు, లఘువు), సూర్యగణాల వరసలోదే, అక్కడికి చాలదు. అర్హత ఉన్నవాళ్లు బయట, కొలత సరిపోయినవాళ్లు లోపల. ఇలాంటి నియామకాలు మనమెరగనివా?

‘తేనెటీగ గూర్చి తెరువరి కియ్యదా’ అన్నచోట తేనె దారినపోయే దానయ్యకు ముట్టింది. పట్టుకు పొగబెట్టి, కుట్లు తిని, దాన్ని కోసినవాడికి యతి (పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన అక్షరం) కుదరలేదు కాబోలు. పూలకాలంలో కూలి ఈగ బతికేది సుమారు 6 వారాలు, జీవితమంతా కలిపి చేసేది టీచెంచాలో 12వ వంతు తేనె. దాన్ని పిసినారుల జాబితాలో వేశారు.

తేలుకూ సాలీడుకూ 8 కాళ్లు. అవి కీటకాల కోటా కిందికి రావు, దరఖాస్తులు తిప్పిపంపడమైనది.

ఇకముందు రాయబోయేవారికి సూచనలు. ఆటవెలదికైతే ముందు పురుగును కాదు, గణాన్ని చూడండి. ఈగ, నల్లి, పేను, దోమ హగణాలు, మిడత నగణం (మూడు లఘువులు), అదీ సూర్యగణమే. ఇవి ఏ పాదంలోనైనా మొదటి మూడు కుర్చీల్లో కూర్చుంటాయి. బొద్దింక తగణం. దానితో పాదం ఎత్తుకుంటే మొదటి గణంలోనే బోల్తా. బొద్దింక మీద గొప్ప ఆటవెలదులు కనబడకపోవడానికి అసహ్యం ఒక్కటే కారణం కాదు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి చూసుకోండి: ‘దో’కు ‘దొ’ చెల్లుతుంది. నమూనా:

దోమ వాలెనేని దొరవారి చెంపపై
కొట్టువాడు లేడు కోరి వచ్చి
పేద చెంపనున్న పెనుదోమ సాకుతో
చేతులెన్ని లేచు చెప్పలేము

కుట్టేది ఆడదోమేనని, మగదోమ పూలతేనెతో సరిపెట్టుకుంటుందని కూడా చెప్పాల్సింది. గణాలు అయిపోయాయి.