అమోన్‌ఖెట్‌లో ఇక పొలం దున్నేదెవరు?

2017 ఏప్రిల్‌లో ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ కార్డ్ గేమ్ తన ఆటగాళ్లను అమోన్‌ఖెట్ అనే లోకానికి తీసుకెళ్లింది. ప్రాచీన ఈజిప్టు పోలికలున్న ఎడారి, దాని మధ్య లక్సా నది, ఒడ్డున నక్తమున్ నగరం, జంతువుల తలలతో వీధుల్లో తిరిగే ఐదుగురు దేవతలు. అదే ఏడాది జూలైలో ‘అవర్ ఆఫ్ డెవాస్టేషన్’ సెట్ (కొత్త కార్డుల విడత) వచ్చి ఆ ఊరిని నేలమట్టం చేసింది. ప్రాణాలు దక్కినవాళ్లు ఎడారి బాట పట్టడంతో కథ ఆగింది. మళ్లీ అక్కడికి పోవడానికి దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది. 2025 ఫిబ్రవరిలో విడుదలైన ‘ఈథర్‌డ్రిఫ్ట్’ మూడు లోకాల గుండా సాగే కార్ల రేసు; అందులో అమోన్‌ఖెట్ ఒక మజిలీ మాత్రమే. దుమ్ము లేపుకుంటూ దాటిపోయాం.

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు శని, ఆదివారాల్లో కమాండర్ (ఒక నాయక కార్డు చుట్టూ డెక్ కట్టుకుని ఆడే పద్ధతి) ఆడే బల్లల దగ్గర అమోన్‌ఖెట్ మాట వస్తే అందరూ అడిగేది ఒకటే: పూర్తి సెట్‌గా మళ్లీ ఎప్పుడు వస్తుంది? వస్తే అక్కడ ఏం చూపిస్తారన్నది అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ లోకంలో అసలు కథ ఇంకా మొదలే కాలేదు.

ఆడని వాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. నికోల్ బోలాస్ అనే వృద్ధ డ్రాగన్ సుమారు అరవై ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చాడు. పెద్దవాళ్లందరినీ చంపి పసిపిల్లల్ని మిగిల్చాడు. ఎనిమిది మంది దేవతల్లో ముగ్గురిని తన కోసం దాచి, మిగతా ఐదుగురి జ్ఞాపకాలు తారుమారు చేసి, తానే దైవసమానుడైన ఫారోనని నమ్మించాడు. అప్పటి నుంచి అక్కడ పుట్టిన ప్రతి బిడ్డా ఐదు పరీక్షల కోసమే పెరుగుతుంది. అన్నీ నెగ్గినవాళ్లకు బహుమతి, నక్క తల దేవత హజోరెట్ ఈటెపోటుతో చావు. ఆ శవాలకు లజోటెప్ అనే నీలి ఖనిజం పూత పూసి సైన్యంగా పోగేశారు. 2019లో ‘వార్ ఆఫ్ ద స్పార్క్’ సెట్‌లో రావ్నికా నగరం మీద విరుచుకుపడింది ఆ సైన్యమే. బోలాస్ ఓడాడు, ఖైదయ్యాడు. విలన్ కథ అక్కడితో సరి.

నన్ను వదలనిది ఆ విలన్ పెట్టి వెళ్లిన ఏర్పాటు. నక్తమున్‌లో పరీక్షల మధ్యలో చచ్చిపోయినవాళ్లకు తెల్లగుడ్డ చుట్టి పనిలో పెడతారు. గేమ్‌లో వీళ్లను ‘అనాయింటెడ్’ అంటారు. వంటా వాళ్లదే, ఊడ్చేదీ వాళ్లే, రాళ్లు మోసేదీ వాళ్లే, పసిపిల్లల్ని పెంచేదీ వాళ్లే. బతికున్నవాళ్ల పని కసరత్తు, యుద్ధవిద్య. అంటే ఊరంతా కోచింగ్ సెంటర్ హాస్టల్. ర్యాంకు వచ్చిన రోజే ఆయుష్షు తీరుతుంది.

ఇప్పుడు ఆ ఊరు కూలిందనుకోండి. ఎడారిలో మిగిలినవాళ్లలో అమ్మమ్మ లేదు, తాతయ్య లేడు. విత్తనం ఏ కార్తెలో చల్లాలో చెప్పే రైతు లేడు. కుమ్మరి లేడు, మంత్రసాని లేదు. ఈటె విసరడం మాత్రం అందరికీ వచ్చు. ఐదుగురు దేవతల్లో నలుగురు పోగా, మిగిలిన ఒక్క హజోరెట్ నిన్నటిదాకా ఈ పిల్లల్నే తన చేత్తో చంపిన దేవత. ఆమె వెనకే వాళ్లు నడవాలి. ఇంత బరువైన పరిస్థితిని మ్యాజిక్‌లో మరే లోకానికీ పెట్టలేదనిపిస్తుంది నాకు. దాని మీద మాత్రం ‘ఈథర్‌డ్రిఫ్ట్’ వాహనాలు నడిపింది. కెట్రమోస్, సాబ్-సునెన్ అనే ఇద్దరు కొత్త దేవతల్ని చూపించింది, అది మంచి విషయమే. వాళ్లు ఎవరి ఆశల్లోంచి పుట్టారు, వాళ్లను కొలిచేవాళ్లు ఏం తిని బతుకుతున్నారు అని ఆరా తీసేలోపే రేసు ముందుకెళ్లిపోయింది.

మొదటి సెట్ రూపకర్తలకు ఈ శ్రమ సంగతి బాగా తెలుసు. ఆట నియమాల్లోనే పెట్టారు. ‘ఎంబామ్’ ఉన్న జీవి చనిపోయాక, దాన్ని శ్మశానం నుంచి తీసి తెల్ల జాంబీ టోకెన్‌గా మళ్లీ పనిలోకి దించవచ్చు. ‘ఎగ్జర్ట్’ ఉన్న జీవి ఇవాళ శక్తికి మించి కష్టపడితే రేపటి వంతులో లేవదు. ఒకటి చచ్చినా తప్పని చాకిరీ, రెండోది ఒళ్లు హూనమయ్యే కష్టం. నియమం చదివితే చాలు, ఆ ఊరు ఎలా నడుస్తుందో అర్థమైపోతుంది. అన్ని సెట్లకూ ఈ పొందిక కుదరదు.   

అసలు ఈజిప్టు వైపు చూస్తే ఈ శ్రమ కథకు కావలసిన ముడిసరుకు కుప్పలుగా ఉంది. అక్కడి సమాధుల్లో ‘ఉషబ్తి’ అనే చిన్న బొమ్మలు పెట్టేవారు. పరలోకంలో యజమానికి పొలం పని పడితే, ఆయన బదులు ఈ బొమ్మలు లేచి చేయాలి. కొన్ని సమాధుల్లో రోజుకొకటి చొప్పున 365 బొమ్మలు, వాటి మీద అజమాయిషీకి మరో 36 మేస్త్రీ బొమ్మలు ఉండేవి. చచ్చాక కూడా మేస్త్రీ తప్పలేదు! నక్తమున్ తెల్లగుడ్డల పనివాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ బొమ్మలే గుర్తొస్తాయి.

బొమ్మలు కాని మనుషుల సంగతి ఇంకా ఆసక్తికరం. క్రీ.పూ. 12వ శతాబ్దంలో, మూడో రామెసెస్ ఏలుబడి 29వ ఏట, రాజుల సమాధులు తొలిచే పనివాళ్లకు కూలి కింద రావాల్సిన ధాన్యం ఆగిపోయింది. వాళ్లు పనిముట్లు కింద పడేసి గుడి దగ్గరికి వెళ్లి బైఠాయించారు. ఆకలేస్తోంది, ఫారోకు చెప్పండి అన్నారు. ప్రపంచంలో రాతపూర్వకంగా దొరికిన తొలి సమ్మె అదేనంటారు. ఆ పపైరస్ ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. ఆ పనివాళ్ల ఊరు దేర్ ఎల్-మదీనా తవ్వకాల్లో అప్పు పద్దులు, సెలవు చీటీలు, ఇరుగుపొరుగు తగాదాలు రాసిన పెంకులు వేలకొద్దీ బయటపడ్డాయి. ఎవరు ఏ రోజు పనికి రాలేదో, ఎందుకు రాలేదో కూడా రాసి ఉంది. ఇంత సజీవమైన ఈజిప్టు చేతికి అందుతుండగా, ఫ్యాంటసీ రచయితలు ఎప్పుడూ శవపేటిక మూతే ఎందుకు తీస్తారో!

మమ్మీలు లేకపోతే జనానికి అది ఈజిప్టులా అనిపించదు అన్నది దీనికి వచ్చే మొదటి అభ్యంతరం. కొట్టిపారేయలేం. హైదరాబాద్‌లో పెరిగిన మనకు దాని బలం తెలుసు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో నిజాం కాలంలో వచ్చిన అసలైన మమ్మీ ఉంది, ఒక అమ్మాయిది. స్కూలు పిల్లలు శాతవాహనుల నాణేల దగ్గర ఆగరు, కాకతీయుల శిల్పాల దగ్గర ఆగరు, నేరుగా ఆ గాజు పెట్టె దగ్గరికే పరిగెడతారు. అయితే పెట్టె దగ్గర పిల్లలు అడిగేవి వింటే సంగతి వేరుగా ఉంటుంది. ఎవరీ అమ్మాయి, ఎన్నేళ్లు, ఎలా చచ్చిపోయింది, ఏం తినేది? శవం గుమ్మం దాకా లాక్కొస్తుంది, ఆ తర్వాత వాళ్లకు కావలసింది మనిషే. అమోన్‌ఖెట్ రెండుసార్లూ గుమ్మం దగ్గరే నిలబెట్టింది.

రెండో అభ్యంతరం వ్యాపారానిది. ఇది గట్టిది. 2018 వరకు ఒక్కో లోకానికి రెండు, మూడు సెట్లు దక్కేవి. ఆ పద్ధతి పోయాక ఒక లోకానికి ఒక సెట్ దొరికితే గొప్ప. దానికి తోడు 2025లో స్టాండర్డ్‌కు (ఇటీవలి సెట్ల కార్డులతోనే ఆడే పోటీ పద్ధతి) వచ్చిన ఆరు సెట్లలో మూడు బయటి బ్రాండ్లవే: ఫైనల్ ఫాంటసీ, స్పైడర్‌మ్యాన్, అవతార్. మిగిలిన మూడు స్థానాల కోసం రావ్నికా, ఇన్నిస్ట్రాడ్, జెండికార్ లాంటి పాత కాపులు వరుసలో నిలబడ్డాయి. బయటి బ్రాండ్లు బాగా అమ్ముడవుతుంటే ఆట యజమాని హాస్‌బ్రో సొంత లోకాల మీద ఎంత ఓపిక పెడుతుంది? ఆటను తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్‌లో హెడ్ డిజైనర్ మార్క్ రోజ్‌వాటర్ ఒక లోకం తిరిగొచ్చే అవకాశాన్ని ఒకటి నుంచి పది దాకా కొలిచే ‘రబాయా స్కేల్’ వాడుతుంటాడు. రబాయా అంటే 1993లో అరబ్బు కథల ఆధారంగా చేసిన తొలి అదనపు సెట్‌లోని లోకం. ఎప్పటికీ తిరిగి రాదనుకునే దాని పేరే కొలబద్దకు పెట్టారు.

నిరాశపడనవసరం లేదని చెప్పడానికి కమిగావా ఉంది. 2004లో జపాన్ పురాణాల పోలికలతో వచ్చి చతికిలపడ్డ ఆ లోకాన్ని మళ్లీ ముట్టుకోరనే చాలామంది అనుకున్నారు. 2022లో కథాకాలాన్ని పన్నెండు వందల ఏళ్లు ముందుకు జరిపి, నియాన్ దీపాల మహానగరంగా తెచ్చేసరికి ఆటగాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. అక్కడ పనిచేసింది కాలాన్ని కదపడం. గతం గతంగానే ఉంది, దాని మీద జనం బతుకులు కట్టారు. 2024లో డిటెక్టివ్ టోపీలు, కౌబాయ్ టోపీలు పెట్టి వదిలిన సెట్లను ఆటగాళ్లు ‘టోపీ సెట్లు’ అని వెక్కిరించిన సంగతీ తెలిసిందే. అమోన్‌ఖెట్‌కు రేసు హెల్మెట్ తొడగడం కూడా ఆ కోవలోకే వస్తుంది.

మన పక్క నుంచి ఇంకో మాట. అమోన్‌ఖెట్‌కు ముందు చూపిన లోకం కలాదేశ్, 2016లో భారతీయ ఛాయలతో వచ్చింది. చీరకట్టు, తీగపని నగలు, ఆవిష్కర్తల ప్రదర్శనలు. మన దేవుళ్ల జోలికి మాత్రం పోలేదు. ‘ఈథర్‌డ్రిఫ్ట్’ నాటికి దాని పేరును అవిష్కార్‌గా మార్చారు, అక్కడి ప్రజలే తిరగబడి పాలన మార్చుకున్నారని కథ కూడా రాశారు. అంటే మనకు దక్కింది పండగ, పరిశ్రమ, రాజకీయం. ఈజిప్టుకు దక్కింది శాపం, శవం, నియంత. నేటి కైరో మహానగరంలో రెండు కోట్లకు పైగా జనం ఉన్నారు, వాళ్లలోనూ కార్డులు ఆడేవాళ్లు ఉంటారు. మన లోకానికి చూపిన శ్రద్ధ అక్కడ కూడా చూపమని మనం అడిగితే తప్పేముంది? అది మనం అడిగితేనే ఎక్కువ బాగుంటుంది కూడా, పూర్తిగా లాభపడ్డ పక్షం మనది కనుక.

సెట్ ఎలా ఉండాలంటే నా ఊహ చెబుతాను. ‘అవర్ ఆఫ్ డెవాస్టేషన్’ తర్వాత ఓ రెండు తరాలు గడిచాయి. లక్సా మళ్లీ పొంగుతోంది. నీటిమట్టం కొలిచే మెట్ల దగ్గర పన్ను లెక్కలేసే లేఖకులున్నారు. తెల్లగుడ్డల పనివాళ్లలో కొందరు ఇంకా తిరుగుతూనే ఉన్నారు. వాళ్లను పాతిపెట్టాలా, పనిలో ఉంచాలా? ఆట కార్డులకున్న ఐదు రంగుల్లో, పూడ్చాలనేవాళ్లు తెలుపు, ఉంచాలనేవాళ్లు నలుపు, ఆకుపచ్చది వ్యవసాయం, నీలం గణకులది, ఎరుపు సమ్మెదారులది. ‘ఎగ్జర్ట్’ ఎలాగూ ఉంది. దాన్ని తిరగేసి, విశ్రాంతి తీసుకున్న జీవికి మేలు జరిగే నియమం ఒకటి చేర్చితే చాలు, సమ్మె మొత్తం బల్ల మీద ఆడేయొచ్చు.

ఇది జరుగుతుందా అంటే, దగ్గర్లో కాదనే నా అంచనా. ‘ఈథర్‌డ్రిఫ్ట్’తో పాటు వచ్చిన రెండు కమాండర్ డెక్కుల్లో ఒకటి అవిష్కార్‌ది, శక్తి యంత్రాలతో. రెండోది అమోన్‌ఖెట్‌ది, టెమ్మెట్ నాయకత్వంలో జాంబీల డెక్. ఏది అమ్ముడవుతుందో కంపెనీకి లెక్కలున్నాయి, జాంబీలు ఏ సెట్‌లోనైనా అమ్ముడవుతాయి. అందుకని అమోన్‌ఖెట్ మళ్లీ కనిపిస్తే ముందుగా కనిపించేది ఇంకో మమ్మీల డెక్‌లోనే కావచ్చు. కొననని ఒట్టు పెట్టలేను, బోలాస్ దాచిన ముగ్గురు దేవతల్లో ఒకడైన స్కారబ్ గాడ్ డెక్ నా దగ్గర ఇప్పటికే ఉంది.