ఈసీజీ నార్మల్ వస్తే పిల్లది నాటకమాడినట్టేనా?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఆడియో తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో చెప్పేది ఇది: "పది, ఇంటర్ పిల్లలు గుండెనొప్పి అంటే ఈసీజీ తీయించండి. నార్మల్ వస్తే అది బడి ఎగ్గొట్టే నాటకం. ఆ వయసులో టెన్షన్లేముంటాయి? నిజంగా నొప్పి ఉంటే అది కరోనా టీకా వల్లే. అలాంటప్పుడు గట్టిగా దగ్గిస్తే గుండెపోటు ఆగిపోతుంది."

మొదటి మాట దగ్గరే నాకు కోపం వచ్చింది, ఎందుకంటే అది మా ఇంట్లో జరిగింది. మా అన్నయ్య కూతురు మెట్రిక్ పరీక్షల ముందు ఛాతీ ఎడమవైపు పట్టుకుని కూర్చుండిపోయేది. "అత్తా, ఇక్కడ కలుక్కుమంటోంది, ఊపిరి పీలిస్తే పొడుస్తోంది" అనేది. ఒక ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, నార్మల్ అన్నారు. అక్కడి డాక్టరు పిల్లవైపు చూడకుండానే "ఏం లేదమ్మా, చదువు తప్పించుకోవడానికి" అన్నాడు. ఆ తర్వాత మూడు నెలలు ఆ పిల్ల నొప్పి వచ్చినా ఎవరికీ చెప్పలేదు. బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకునేది.

ఈసీజీ చూపేది ఆ కొద్ది సెకన్లలో గుండెలో విద్యుత్తు ఎలా నడుస్తోందో మాత్రమే. పక్కటెముకలు రొమ్ము ఎముకను కలిసేచోట వాపు ఉంటే అందులో కనపడదు. బరువైన బ్యాగు మోసి పట్టేసిన కండరం కనపడదు. పస్తులుండి టీ తాగితే పైకి ఎగదన్నే యాసిడ్ కనపడదు, ఉబ్బసమూ కనపడదు. పిల్లల ఛాతీనొప్పుల్లో ఎక్కువ భాగం ఇవే. గుండె జబ్బు వల్ల వచ్చేవి నూటికి ఐదు కూడా ఉండవు. మా పిల్లకి వచ్చినదాన్ని ప్రీకార్డియల్ క్యాచ్ అంటారు. కదలకుండా కూర్చున్నప్పుడు సూది గుచ్చినట్టు వస్తుంది, కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాలు ఉండి దానంతటదే పోతుంది. ప్రమాదం లేదు. 1955లో మిల్లర్, టెక్సిడార్ అనే డాక్టర్లు దీని గురించి పదిమంది రోగులతో రాశారు. ఆ పదిమందిలో ఒకరు మిల్లరే. ఆయన దేన్ని ఎగ్గొట్టడానికి నాటకమాడాడో ఆ ఆడియో పంపినవాళ్ళు చెప్పాలి.

"ఆ వయసులో టెన్షన్లేముంటాయి" అట. మన సరిహద్దు పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు పదాలు. పది అవగానే విశాఖపట్నం హాస్టల్లో దింపేసి వస్తాం. అక్కడ వారానికో పరీక్ష, గోడమీద మార్కుల పట్టీ. ఇంటికి ఫోన్ చేస్తే మనం ముందు అడిగేది ర్యాంకు. భయం ఒంట్లో ఏం చేస్తుందో చూడండి. ఊపిరి వేగంగా, పైపైన ఆడుతుంది. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూతి చుట్టూ జివ్వుమంటుంది, తల తిరుగుతుంది, ఛాతీ బిగుసుకుంటుంది. చచ్చిపోతానేమో అనిపిస్తుంది. ఆ భయంతో ఊపిరి ఇంకా వేగమవుతుంది. ఇందులో అబద్ధం ఎక్కడుంది? నొప్పి నిజం, గుండె దడ నిజం.

అప్పుడు పక్కన కూర్చుని, నాలుగు లెక్కపెట్టేదాకా ఊపిరి తీసుకోమని, ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలమని చెప్పండి. మీరూ కలిసి చేయండి. మూతికి కాగితం సంచి పెట్టడం మంచిది కాదు. ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఆ భయంతో బడికే వెళ్ళలేకపోతుంటే, మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా తీస్తారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

టీకా సంగతి. కొందరు కుర్రాళ్ళలో గుండె కండరానికి వాపు రావడం ఫైజర్, మోడెర్నా లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల తర్వాత, అదీ చాలా అరుదుగా, ఇతర దేశాల్లో కనిపించింది. మన పిల్లలకి ఆ టీకాలు వేయలేదు. 2022 జనవరి 3 నుంచి 15 ఏళ్ళు దాటినవాళ్ళకి కోవాగ్జిన్, మార్చి 16 నుంచి 12 ఏళ్ళు దాటినవాళ్ళకి కార్బెవ్యాక్స్ వేశారు. రెండూ వేరే రకం. ఎక్కడిదో వార్త తెచ్చి మన పిల్లలకి అతికించారు.

ఆ ఆడియోలో అసలు లేనిది, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలన్నది. ఆడుతున్నప్పుడో పరుగెత్తుతున్నప్పుడో నొప్పి వస్తే, స్పృహ తప్పితే, దడతోపాటు కళ్ళు తిరిగి పడిపోతే, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో ఉన్నట్టుండి చనిపోయి ఉంటే, ఈసీజీ బాగుందని ఊరుకోకూడదు, ఎకో (గుండె స్కానింగ్) కూడా తీయించాలి. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకి జ్వరం, కీళ్ళనొప్పులు వస్తే రుమాటిక్ జ్వరమేమో చూపించాలి, అది గుండె కవాటాలను పాడుచేస్తుంది. మన జిల్లాల్లో సికిల్ సెల్ కూడా ఉంది, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే పుట్టుకతో వచ్చే జబ్బు. గిరిజన కుటుంబాల్లో ఎక్కువ, వాళ్ళకే పరిమితం కాదు. ఆ జబ్బున్న పిల్లకి జ్వరం, ఆయాసంతో ఛాతీ నొప్పి వచ్చిందంటే ఊపిరితిత్తుల్లో రక్తం పారకుండా అడ్డుపడుతూ ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగొద్దు. పాతపట్నం దాటి శ్రీకాకుళం వెళ్తారో, బరంపురం వెళ్తారో, ఏది త్వరగా చేరితే అక్కడికే వెళ్ళండి.

ఇక దగ్గు. గుండెపోటు దగ్గితే ఆగదు. గుండె పూర్తిగా ఆగిపోయిన మనిషికైతే స్పృహే ఉండదు, ఎలా దగ్గుతాడు? దగ్గిస్తూ కూర్చుంటే పోయేది ఆసుపత్రికి చేరాల్సిన సమయం. పిల్లవాడు పిలిస్తే పలకక, ఊపిరి ఆడకుండా పడిపోతే 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి, అంబులెన్సు వచ్చేదాకా.