గుడ్ ఫస్ట్ ఇష్యూల వెంట పడకండి, మన తెలుగు ఎక్కడ విరుగుతోందో అక్కడ మొదలుపెట్టండి

అక్టోబర్ దగ్గరపడితే చాలు, విశాఖలో మధురవాడ నుంచి గాజువాక దాకా ఇంజినీరింగ్ కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్) పేరుతో ఒకటే మెసేజ్ తిరుగుతుంది. "ఈజీ రిపోజిటరీల లిస్టు ఇదిగో, రీడ్‌మీలో మీ పేరు చేర్చి పీఆర్ కొట్టండి, సర్టిఫికెట్ వస్తుంది." రిపోజిటరీ అంటే ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు, రీడ్‌మీ దాని పరిచయ ఫైలు, పీఆర్ అంటే పుల్ రిక్వెస్ట్, మన మార్పుని కలుపుకోమని ప్రాజెక్టు వాళ్లని అడగడం. దయచేసి ఆ పని చెయ్యకండి. చెయ్యమని చెప్పేది సీనియరైనా సరే, కోచింగ్ సెంటరైనా సరే, వినకండి.

అక్టోబర్ నెలలో ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపమని ప్రోత్సహించే హ్యాక్టోబర్‌ఫెస్ట్ 2014లో మొదలైంది. 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులకి టీషర్టు అనేసరికి పనికిరాని మార్పులు వరదలా వచ్చిపడ్డాయి. నెల మొదలైన కొద్ది రోజులకే నిర్వాహకులు రూలు మార్చి, ప్రాజెక్టు వాళ్లు ముందుగా ఒప్పుకుంటేనే లెక్కలోకి తీసుకుంటామని చెప్పాల్సి వచ్చింది. 2024 మొదట్లో, జావాస్క్రిప్ట్‌లో వెబ్ సర్వర్లు రాయడానికి వాడే ఎక్స్‌ప్రెస్ రిపోజిటరీకి ఇదే గతి పట్టింది. పుల్ రిక్వెస్ట్ ఎలా పెట్టాలో చూపించే ఒక పాఠం వీడియోలో ఆ ప్రాజెక్టునే ఉదాహరణగా తీసుకున్నారు. చూసినవాళ్లు చూసినట్టే వెళ్లి దాని రీడ్‌మీలో పేర్లు రాసుకున్నారు. ఆ వీడియో మన దేశపు విద్యార్థుల కోసం చేసిందే. అవతల వాటిని ఒక్కొక్కటిగా తెరిచి మూసేవాళ్లు చాలామంది జీతం లేకుండా, ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు కూర్చునేవాళ్లు. అలాంటి పీఆర్ వల్ల మీ ప్రొఫైల్‌లో ఒక పచ్చ చుక్క పడుతుంది, వాళ్ల సాయంత్రం ఒకటి పోతుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రాజెక్టులో నమోదైన ఒక్కో సమస్యనీ ఇష్యూ అంటారు. కొత్తవాళ్లకి తేలికైన వాటికి పెట్టే "గుడ్ ఫస్ట్ ఇష్యూ" లేబుల్ వెతకమని అందరూ చెబుతారు. పేరున్న ప్రాజెక్టుల్లో ఆ లేబుల్ పడిన గంటకే పదిమంది "ప్లీజ్ అసైన్ మీ" అని క్యూ కడతారు. ఆ క్యూలో పదకొండో మనిషిగా నిలబడితే ఒరిగేదేమీ లేదు. మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లో, మీ కంటికే కనబడే తప్పు ఒకటి పట్టుకోండి. తెలుగు చదివేవాళ్లకి ఇక్కడ పెద్ద సౌకర్యం ఉంది. తెలుగు తప్పుగా కనబడితే బెర్లిన్‌లోనో టోక్యోలోనో ఉన్న మెయింటెయినర్‌కి (ప్రాజెక్టుని చూసుకునే మనిషికి) అది తప్పని తెలిసే దారే లేదు. మనం చెబితేనే తెలుస్తుంది.

మన ఊరి పేరే తీసుకుందాం. విశాఖపట్నం. బడిలో నేర్చుకున్న లెక్కన వి, శా, ఖ, ప, ట్నం, అంటే అయిదు అక్షరాలు. కంప్యూటర్లో ప్రతి గుర్తుకీ ఒక నంబరు (కోడ్‌పాయింట్) ఇచ్చే యూనికోడ్ లెక్క వేరు. వ, గుడి, శ, దీర్ఘం, ఖ, ప, ట, పొల్లు, న, సున్న: మొత్తం 10 కోడ్‌పాయింట్లు. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగితే 10 అనే చెబుతుంది. ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటీ 3 బైట్లు కాబట్టి ఫైల్లో 30 బైట్లు. ఇప్పుడు ఒక ఆప్‌లో ఊరి పేరు పొడుగైతే 8 దగ్గర కోసి చుక్కలు పెట్టమని కోడ్ రాశారనుకోండి, తెర మీద "విశాఖపట్" అని పొల్లుతో ఆగిపోతుంది. బైట్ల లెక్కన 20 దగ్గర కోస్తే ఇంకా ఘోరం. ఆరు కోడ్‌పాయింట్లకి 18 బైట్లు పోను ఏడోది సగంలో తెగి, నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లిష్‌తో ఎన్నేళ్లు టెస్ట్ చేసినా ఈ బగ్ బయటపడదు.

దీన్ని సరిచెయ్యాలంటే కోడ్‌పాయింట్ల హద్దు దగ్గర కాకుండా గ్రాఫీమ్ క్లస్టర్ (చదివేవాళ్లు ఒక్క అక్షరంగా చూసే గుంపు) హద్దు దగ్గర కొయ్యాలి. జావాస్క్రిప్ట్‌లో దానికి ఇంట్ల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) ఉంది, మిగతా భాషలకీ లైబ్రరీలున్నాయి. అయితే ఒక మెలిక ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 దాకా ప్రామాణిక నియమాల ప్రకారం "ట్" ఒక ముక్క, "నం" ఇంకో ముక్క. తెలుగు ఒత్తుల్ని విడదీయకూడదన్న నియమం ఆ వెర్షన్‌లోనే చేరింది. అంటే లైబ్రరీ పాతదైతే, సరైన ఫంక్షన్ వాడినా ఒత్తు విడిపోతుంది. కాబట్టి పీఆర్ పెట్టే ముందు ప్రాజెక్టు ఏ వెర్షన్ లైబ్రరీ మీద నిలబడిందో చూసి, ఆ సంగతి ఇష్యూలో రాయండి. రివ్యూ చేసేవాళ్లకి మీ మీద గురి కుదిరేది ఇలాంటి చోటే.

అక్షరాలు కనబడే తీరులోనే తప్పుంటే, అది ఫాంట్ తప్పా, షేపింగ్ ఇంజిన్ (ఒత్తులు, గుణింతాలు కలిపి అమర్చే కోడ్) తప్పా అన్నది ముందు తేల్చాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ అన్నిటికీ అడుగున హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్ ఉంది. అదే వాక్యాన్ని నోటో శాన్స్ తెలుగులో, లోహిత్ తెలుగులో పెట్టి చూడండి. ఒక ఫాంట్‌లోనే విరిగితే ఆ ఫాంట్ వాళ్ల దగ్గరికి వెళ్లండి. అన్నిట్లోనూ విరిగితే హెచ్‌బీ-షేప్ అనే టూల్‌కి ఫాంట్ ఫైలూ ఆ పదమూ ఇస్తే ఏ గ్లిఫ్‌లు (ఫాంట్‌లోని అక్షర రూపాలు) ఏ వరుసలో వచ్చాయో ప్రింట్ చేస్తుంది. ఆ అవుట్‌పుట్‌ని ఇష్యూలో అతికించండి. 2018లో ఐఓఎస్ 11.2.5లో "జ్ఞా" కలిసిన ఒక తెలుగు క్రమం వస్తే ఆప్‌లు కుప్పకూలేవి, గుర్తుందా? ఆపిల్ 11.2.6 ఇచ్చేదాకా ప్రపంచమంతా ఎదురుచూడటం తప్ప ఏమీ చెయ్యలేకపోయింది, ఆ కోడ్ మూసిపెట్టింది కాబట్టి. హార్ఫ్‌బజ్ కోడ్ తెరిచే ఉంది. వెళ్లి చదవచ్చు.

మొదటి ప్రాజెక్టుగా నేనైతే గట్టిగా చెప్పేది ఈస్పీక్ ఎన్‌జీ. అక్షరాలని మాటలుగా పలికే సాఫ్ట్‌వేర్ ఇది. చూపులేనివాళ్లు విండోస్‌లో వాడే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ దీన్ని తనతోపాటే ఇస్తుంది. తెలుగు ఉచ్చారణ నియమాలు డిక్ట్‌సోర్స్ ఫోల్డర్‌లోని రెండు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి: టీఈ-రూల్స్ (te_rules), టీఈ-లిస్ట్ (te_list). సీ భాష రాకపోయినా ఇక్కడ నిజమైన పని చెయ్యచ్చు. ఒక్క పదమే తప్పు పలుకుతోందంటే, "బ్యాంకు" లాంటి అరువు మాటలో అచ్చు తేడా పడిందనుకోండి, లిస్ట్ ఫైల్లో ఆ పదానికి ధ్వని సంకేతాలు రాస్తే సరిపోతుంది. సున్న తర్వాత పవర్గం వస్తే మకారం, తవర్గం వస్తే నకారం పలకాలన్నట్టి పద్ధతి ప్రకారం జరిగేదైతే అది రూల్స్ ఫైల్లోకి వెళ్లాలి.

ఫైలు మార్చాక కంపైల్ ఆప్షన్‌కి టీఈ ఇచ్చి డిక్షనరీని మళ్లీ కట్టాలి. డిక్ట్‌సోర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి, అక్కడినుంచే ఈ కమాండ్ నడపాలి. ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఉబుంటులో ఆప్ట్‌తో ముందే వేసుకున్న ఈస్పీక్ ఉంటే, మీరు మార్చింది ఒకటి, నడుస్తున్నది ఇంకొకటి అవుతుంది. ఎంత మార్చినా అదే పాత ఉచ్చారణ వస్తోందంటే కారణం సాధారణంగా ఇదే. ఈస్పీక్ డేటా పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని మీరు బిల్డ్ చేసిన ఫోల్డర్‌కి చూపించి, మీ బైనరీనే పూర్తి దారితో పిలవండి.

రూల్ మారిస్తే ఒక పదం బాగుపడి నలభై పదాలు పాడవ్వచ్చు. అందుకే మార్చక ముందే అయిదారు వందల తెలుగు పదాల ఫైలు ఒకటి తయారుచేసి, ఎక్స్, క్యూ ఆప్షన్లతో నడపండి. ఎక్స్ ధ్వని సంకేతాలు ప్రింట్ చేస్తుంది, క్యూ శబ్దం రాకుండా ఆపుతుంది. ఆ అవుట్‌పుట్ దాచుకుని, మార్చాక మళ్లీ నడిపి, రెంటికీ డిఫ్ (తేడాల జాబితా) తియ్యండి. మారిన పదాలన్నీ మీరు అనుకున్నవేనా చూసి, ఆ డిఫ్‌ని పీఆర్‌లో పెట్టండి. తెలుగు రాని మెయింటెయినర్ మీ మాట నమ్మడానికి ఇంతకంటే మంచి ఆధారం ఉండదు.

ఇక మెషీన్ సంగతి. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ చాలు, కాకపోతే ప్రాజెక్టు చూసి ఎంచుకోండి. లిబ్రేఆఫీస్ మొత్తం బిల్డ్ గంటలు పడుతుంది, డిస్కూ బాగా తింటుంది. పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు మధ్యలో "కిల్డ్" అని ఒక్క మాట రాసి ఆగిపోతే కోడ్‌లో తప్పు వెతక్కండి, మెమరీ అయిపోయింది. మేక్‌కి జే2 (ఒకేసారి రెండు పనులే) ఇచ్చి మళ్లీ నడపండి. ఫైర్‌ఫాక్స్‌లో జావాస్క్రిప్ట్, సీఎస్‌ఎస్ వరకే మారుస్తుంటే ఆర్టిఫాక్ట్ బిల్డ్ ఎంచుకోండి. కంపైల్ అయిన భాగాలు రెడీగా దిగుతాయి. విండోస్‌లో ఉంటే, అందులోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 వేసుకుని, కోడ్‌ని సీ డ్రైవ్‌లో కాకుండా లినక్స్ హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోండి. సీ డ్రైవ్‌లో ఉంటే ఒక్క గిట్ స్టేటస్‌కే విసుగొస్తుంది. హాస్టల్‌లో ఫోన్ హాట్‌స్పాట్ మీద క్లోన్ చేసేవాళ్లు డెప్త్ 1 పెడతారు. డేటా మిగులుతుంది గానీ పాత చరిత్ర రాదు, ఇక బ్లేమ్ (ఏ లైను ఎవరు మార్చారో చూపేది), బైసెక్ట్ (బగ్ ఏ మార్పుతో వచ్చిందో వెతికేది) పనికిరావు. దాని బదులు ఫిల్టర్‌కి బ్లాబ్ నన్ ఇవ్వండి. కమిట్ల (నమోదైన మార్పుల) చరిత్ర అంతా వస్తుంది, ఫైళ్లు కావలసినప్పుడే దిగుతాయి. చరిత్ర ఉంటే బైసెక్ట్‌తో వెయ్యి కమిట్లలో బగ్ తెచ్చిన కమిట్‌ని పదిసార్లు టెస్ట్ చేసి పట్టుకోవచ్చు.

మొదటి పీఆర్ ఎక్కువగా చెడిపోయేది ఎడిటర్ వల్ల. వీఎస్ కోడ్‌లో సేవ్ చెయ్యగానే ఫార్మాట్ చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, మూడు లైన్లు మార్చిన చోట నాలుగు వందల లైన్ల డిఫ్ తయారవుతుంది. విండోస్ లైన్ ఎండింగ్‌లు కలిసినా అంతే, ఫైలు మొత్తం మారినట్టు కనబడుతుంది. దాన్ని ఎవరూ చదవరు, చదవమని అడగడం కూడా అన్యాయం. కమిట్ చేసే ముందు గిట్ డిఫ్ వేసి ప్రతి లైనూ చూడండి. "ఈ లైను ఎందుకు మారింది?" అంటే చెప్పలేనిది ఒక్కటున్నా తీసెయ్యండి.

మెయిన్ బ్రాంచ్‌లో కమిట్ చెయ్యకండి. చేస్తే రెండో పీఆర్‌లోకి మొదటి దాని కమిట్లు కూడా దూరుతాయి. అసలు రిపోజిటరీని అప్‌స్ట్రీమ్ పేరుతో చేర్చుకుని, ప్రతి పనికీ దాని మెయిన్ నుంచి కొత్త బ్రాంచ్ తియ్యండి. కమిట్ మెసేజ్ మొదటి లైను 50 అక్షరాల లోపు, తర్వాత ఒక ఖాళీ లైను, ఆ కింద ఎందుకు మార్చారో రాయండి. ఏం మార్చారో డిఫ్‌లో ఎలాగూ ఉంది. కొన్ని ప్రాజెక్టులు సైన్డ్-ఆఫ్-బై లైను అడుగుతాయి, కమిట్‌కి ఎస్ ఆప్షన్ ఇస్తే అదే చేరుతుంది. అన్నీ గిట్‌హబ్‌లో ఉండవని కూడా తెలుసుకోండి. లిబ్రేఆఫీస్ గెరిట్ అనే రివ్యూ వ్యవస్థ వాడుతుంది, గ్నోమ్‌కి సొంత గిట్‌ల్యాబ్ ఉంది, లినక్స్ కెర్నెల్‌కి ప్యాచ్‌లు ఈమెయిల్‌లోనే వెళ్తాయి. మార్పులు ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైలు చదవకుండా అడుగు వెయ్యకండి.

రివ్యూలో మార్పులు అడిగితే పీఆర్ మూసి కొత్తది తెరిచేవాళ్లున్నారు. అలా చేస్తే అప్పటిదాకా జరిగిన చర్చంతా పోతుంది. అదే బ్రాంచ్‌లో సరిచేసి, రీబేస్ చేస్తే (మీ కమిట్లని తాజా మెయిన్ మీదకి మార్చుకుంటే) ఫోర్స్ విత్ లీజ్‌తో పుష్ చెయ్యండి. ఉత్త ఫోర్స్ వాడితే ఆ బ్రాంచ్‌లోకి మెయింటెయినర్ స్వయంగా పంపిన సవరణ తుడిచిపెట్టుకుపోతుంది. మొదటిసారి పంపేవాళ్ల పీఆర్‌కి గిట్‌హబ్‌లో టెస్టులు మొదలవ్వాలంటే మెయింటెయినర్ అనుమతి కావాల్సి రావచ్చు. పసుపు చుక్క అలాగే ఉందని కంగారుపడి పదిసార్లు పుష్ చెయ్యకండి. రెండు వారాలు ఆగి, మర్యాదగా ఒక్క కామెంట్ పెట్టండి. "సర్, ఎనీ అప్‌డేట్?" అని రోజూ అడిగితే మాత్రం మీ పేరు చూడగానే పక్కన పెట్టేస్తారు.

ఏఐ రాసిచ్చిన కోడ్‌ని, బగ్ రిపోర్ట్‌ని చదవకుండా పంపడం రీడ్‌మీ స్పామ్ కంటే హానికరం. పైకి సరైనదానిలా కనబడుతుంది కాబట్టి అబద్ధమని తేల్చడానికి అవతలివాళ్లకి గంటలు పడుతుంది. కర్ల్ అనే డౌన్‌లోడ్ టూల్ రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్ ఇలాంటి ఉత్తుత్తి సెక్యూరిటీ రిపోర్టుల గురించి 2024 జనవరిలోనే బహిరంగంగా రాశారు. అర్థం చేసుకోవడానికి ఏఐని వాడుకోండి, తప్పులేదు. కానీ రివ్యూలో అడిగిన ప్రశ్నకి జవాబు మీ బుర్రలోంచే రావాలి. అది రాదనుకుంటే ఆ పీఆర్ పెట్టకండి.

చివరగా మన ఊళ్లో ప్రాజెక్టు మార్కులు వేసే లెక్చరర్లకి ఒక విన్నపం. పీఆర్‌ల సంఖ్య, స్క్రీన్‌షాట్లు అడగడం మానెయ్యండి. మీరు సంఖ్య అడుగుతున్నంత కాలం పిల్లలు సంఖ్యే తెస్తారు. ఒక్క ఇష్యూ లింక్ అడగండి. ఏ వెర్షన్‌లో బగ్ చూశారు, దాన్ని మళ్లీ ఎలా రప్పించారు, రివ్యూలో వచ్చిన ప్రశ్నకి ఏం జవాబిచ్చారు, ఈ మూడూ చదివి మార్కులు వెయ్యండి. ఆ పీఆర్ మెర్జ్ కాకపోయినా సరే.