‘రెట్రో’ అని ముద్ర వేసి ‘లా పాంతూఫ్ల్’ని పక్కన పెట్టేయకండి

ప్రోగ్ రాక్ (పొడుగాటి పాటల్లో తాళాలు, ట్యూన్లు మారుతూ సాగే రాక్ సంగీతం) వినే మనవాళ్ల దగ్గర ఫ్రెంచ్ సంగీతం చేసే ఫరెవర్ పావో పేరెత్తితే చాలు, ఒకటే మాట వస్తుంది: "బాగుంది గానీ, అంతా 1970ల కాపీయే కదా, రెట్రో!" ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2017లో వచ్చిన ‘లా పాంతూఫ్ల్’ ఆల్బమ్‌ని ఆ ఒక్క ముక్కతో కొట్టిపారేయడం అన్యాయం. ఈ కాలంలో ఫ్రెంచ్‌లో వచ్చిన సైకడెలిక్ (కలలో తేలుతున్నట్టు వింతగా వినిపించే) సంగీతంలో నేను విన్నంతవరకు ఇంత సొంత గొంతున్న ఆల్బమ్ తక్కువ.

ఫరెవర్ పావో అంటే బ్యాండ్ పేరులా ఉంటుంది గానీ, దాని వెనకున్నది ప్రధానంగా ఒక్క మనిషే, ఎమీల్ సోర్నాఁ. మ్యూజిక్ వీడియోలకు డైరెక్టర్‌గా కూడా పనిచేశాడు. 2014లో ‘రాప్సోద్’ అనే మొదటి ఆల్బమ్‌ని బోర్న్ బ్యాడ్ లేబుల్ మీద తెచ్చాడు. రెండోది ఇది. పాంతూఫ్ల్ అంటే ఇంట్లో తొడుక్కునే చెప్పు. చెప్పు పేరు పెట్టిన ఆల్బమ్‌లో ఇంత టెన్షన్ ఉంటుందని ఎవరూ అనుకోరు.

ఆ టెన్షన్ ఎక్కడినుంచి వస్తుందో చూడండి. ఈ ఆల్బమ్‌లో హార్ప్సికార్డ్ వినబడుతుంది, అది పియానో లాంటి పాత మెట్ల వాద్యం. పియానోలో చిన్న సుత్తి వచ్చి తీగను కొడుతుంది, గట్టిగా నొక్కితే గట్టిగా మోగుతుంది. హార్ప్సికార్డ్‌లో అలా కాదు. కింద ఉన్న చిన్న ములుకు తీగను మీటుతుంది. వేలు ఎంత బలంగా వేసినా శబ్దం పెద్దగా మారదు, మోగిన స్వరం త్వరగా సన్నబడిపోతుంది. అంటే వాయించేవాడి ఆవేశం బయటికి కనబడదు. ముఖంలో ఏ భావమూ చూపించకుండా కథ చెప్పే మనిషి ముందు కూర్చున్నట్టు ఉంటుంది. 1960లు, 70ల క్రైమ్ సినిమాల్లో దీన్ని అంతగా వాడింది అందుకేనని నా నమ్మకం. సోర్నాఁ దాని కింద పిక్‌తో మీటిన పొడి బేస్ గిటార్‌ని, గదిలో ప్రతిధ్వని లేకుండా దగ్గరగా వినిపించే డ్రమ్స్‌ని పెడతాడు. పాట పొడుగు తక్కువే, కానీ ఆ కాస్తలోనే తాళం మారుతుంది, సీన్ మారుతుంది. పాటంటే ఇరవై నిమిషాలు సాగాలని పట్టుబట్టే ప్రోగ్ అభిమానులు ఇందులోని ‘జోనతాఁ ఎ రొజలీ’ పాటని శ్రద్ధగా వినాలి.

ఇది కాపీ అనేవాళ్లు, అసలు దేనికి కాపీయో కూడా చెప్పాలి. బ్రిటిష్ ప్రోగ్‌కి మాత్రం కాదు. ఫ్రాన్స్‌కి వేరే వంశవృక్షం ఉంది. 1971లో గాయకుడు సెర్జ్ గేన్స్‌బూర్, వాద్యాల కూర్పు చేసే జాన్-క్లోద్ వానియే కలిసి చేసిన ‘ఇస్త్వార్ ద మెలొడీ నెల్సన్’ ఆల్బమ్ అరగంట కూడా ఉండదు. అందులో గేన్స్‌బూర్ పాడినదాని కన్నా తగ్గు గొంతుతో మాట్లాడినదే ఎక్కువ. బేస్, గిటార్ ఆ మాటల చుట్టూ తిరుగుతుంటే వయొలిన్లు అకస్మాత్తుగా మీద పడతాయి. అప్పట్లో అది పెద్దగా అమ్ముడుపోలేదు. ఇవాళ మాత్రం దాని ప్రభావం లేని ఫ్రెంచ్ సైకడెలిక్ సంగీతం దొరకడం కష్టం.

ఆ వంశంలో ఇంకొకరు సినిమా సంగీత దర్శకుడు ఫ్రాన్స్వా ద రూబే. ఈయన గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. సంగీత పాఠశాల చదువు లేకుండా సొంతంగా నేర్చుకున్నాడు. 1967లో ‘ల సమురాయ్’ సినిమాకి సంగీతం ఇచ్చాడు. ఇంట్లోనే రికార్డింగ్ పెట్టుకుని, సింథసైజర్లూ మామూలు వాద్యాలూ తనే వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు. 1975 నవంబర్‌లో కానరీ దీవుల దగ్గర సముద్రంలో డైవింగ్ చేస్తూ చనిపోయాడు. అప్పటికి 36 ఏళ్లు. మరుసటి ఏడాది ‘ల వ్యూ ఫ్యూజీ’ సినిమా సంగీతానికి ఫ్రాన్స్ సినిమా పురస్కారం సెజార్ వచ్చింది, అందుకోవడానికి మనిషి లేడు. ఆయన పనిచేసిన పద్ధతి అక్కడితో ఆగిపోయింది, పూర్తికాలేదు. నలభై ఏళ్ల తర్వాత ఒకడు ఆ దారి వెతికి పట్టుకుని ముందుకు నడిస్తే దాన్ని కాపీ అంటామా? కచ్చేరిలో వీణ వాయిస్తే ‘రెట్రో’ అనం కదా. 1954 నాటి డిజైన్‌తో ఉన్న స్ట్రాటోకాస్టర్ గిటార్‌ని ఈరోజు కొత్త బ్యాండ్ పట్టుకుంటే ఎవరూ ఏమీ అనరే!

ఇక భాష. ఫ్రాన్స్‌లో 1994లో చట్టం చేసి, 1996 నుంచి రేడియోల్లో 40 శాతం పాటలు ఫ్రెంచ్‌లో ఉండాలన్నారు. అయినా బయటి ప్రపంచంలో పేరు తెచ్చుకున్న డాఫ్ట్ పంక్, ఎయిర్, ఫీనిక్స్ ఎక్కువగా ఇంగ్లీష్‌లోనే పాడారు. 2010ల్లో లా ఫామ్, మూడోయిద్ లాంటి వాళ్లు సైకడెలిక్ పాటని ఫ్రెంచ్‌లో పాడటం చూసి నాకు చాలా సంతోషమేసింది. ఎందుకంటే అది జెండా పట్టుకోవడం కాదు, సంగీతమే మారిపోతుంది. ఇంగ్లీష్‌లో ఒక్కో మాటలో ఏదో ఒక అక్షరం మీద ఒత్తు పడుతుంది, అంటే దాన్ని నొక్కి పలుకుతారు, రాక్ డ్రమ్మర్ దాని మీదే వాయిస్తాడు. ఫ్రెంచ్‌లో అక్షరాలు దాదాపు సమానంగా నడిచి పదబంధం చివర ఒత్తు పడుతుంది. అందుకే గొంతు బీట్‌ని కొట్టదు, దాని పక్కన నడుస్తుంది. సోర్నాఁ మెల్లగా, గుసగుసగా పాడినా డ్రమ్స్ అంత చురుగ్గా తిరగడానికి చోటు దొరికేది అక్కడే. ఇంగ్లీష్‌లో పాడి ఉంటే ఈ ఆల్బమ్ సగం చచ్చిపోయేది.

"అర్థం కాని భాషలో ఏం వింటాం" అనేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. 1970ల తెలుగు సినిమాల్లో క్లబ్ పాటలు విన్న చెవులు మనవి. ఆ ఆర్గాన్లు, ఆ గరగరలాడే గిటార్లు, ఊరికే వచ్చి పడే వయొలిన్లు మనకి కొత్త కాదు. ఇంగ్లీష్ రాక్ మాత్రమే విని పెరిగినవాడి కన్నా ఈ ఆల్బమ్‌లోకి మనకే దారి సులువు.

లోపాలు లేవని అనను. కొన్ని చోట్ల మంచి ట్యూన్ ఒకటి తలెత్తగానే పాట ముగిసిపోతుంది, ఇంకో రెండు నిమిషాలు పోనిస్తే బాగుండేది అనిపిస్తుంది. ‘ల బీఫ్‌స్టెక్’ పాట నాకు అంతగా పట్టలేదు. 2023లో వచ్చిన ‘లిదియోఫోన్’ ఆల్బమ్ కూడా మంచిదే, కానీ మొదలుపెట్టేవాళ్లు ‘లా పాంతూఫ్ల్’తోనే మొదలుపెట్టండి. షఫుల్ మాత్రం తీసేయండి. ఫోన్ స్పీకర్‌లో అసలు వినకండి, ఆ బేస్ వినబడకపోతే హార్ప్సికార్డ్ ఒక్కటే గలగలమంటుంది, అది చూసి మళ్లీ "పాత సౌండ్" అనే అంటారు.